కృష్ణ ఒడ్డున సొంత పడవ కట్టేసుకోవాలంటే: దరఖాస్తు ఎవరికి, ఎలా

వేసవిలో శ్రీశైలం జలాశయం ఒడ్డునున్న సంగమేశ్వరం వెళ్ళి చూడండి. వానాకాలంలో పడవలు కట్టిన చెట్టు ఎండిన గట్టు మీద నిలబడి ఉంటుంది. మోకు ఒరుసుకుని బెరడు లేచిపోయిన గుర్తు నడుమెత్తున కనబడుతుంది. నీళ్ళు మాత్రం ఎక్కడో కింద, నెర్రెలిచ్చిన ఒండ్రుమట్టి దాటి నడిస్తేగానీ అందవు. శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. అది 840 దరిదాపులకు దిగితేనే సంగమేశ్వరుడి గుడి బయటపడుతుంది. అంటే మన రేవు ఏడాది పొడవునా ఒకచోట ఉండదు.

బంధువుల తరఫున నేను రాసిన మొదటి దరఖాస్తు ఇందుకే వెనక్కొచ్చింది. పటం మీద ఒకే చుక్క పెట్టాను, ఏప్రిల్‌లో ఆ చుక్క పొడినేల మీద పడుతోంది. రెండు నెలలు వృథా అయ్యాయి. కాబట్టి పటంలో రెండు చోట్లు చూపించండి: నిండుగా ఉన్నప్పుడు పడవ ఎక్కడ కడతారు, నీళ్ళు వెనక్కి పోయాక ఎక్కడికి జరుపుతారు. రెండింటికీ జీపీఎస్ అంకెలు, సర్వే నంబర్లు రాయండి. నీళ్ళు తగ్గాక తేలే నేల మునకకు తీసుకున్న ప్రభుత్వ భూమి. ఒకప్పుడు తాతల పొలమే అయినా, పరిహారం ముట్టిన భూమికి పాత పాసుపుస్తకం జతచేస్తే ప్రయోజనం లేదు. ముంపు ఊళ్ళవాళ్ళకు ఈ మాట కష్టంగానే ఉంటుంది, నాకు తెలుసు.

ఇక దరఖాస్తు ఎవరికివ్వాలి? కొత్తపల్లి, పగిడ్యాల, ఆత్మకూరు మండలాలు 2022 ఏప్రిల్ 4 నుంచి నంద్యాల జిల్లాలో ఉన్నాయి. ఇప్పటికీ అలవాటుకొద్దీ కర్నూలు కలెక్టరేటుకు ఫైలు పట్టుకొచ్చేవాళ్ళు ఉన్నారు. ఈ ఒడ్లకు జిల్లా కేంద్రం నంద్యాల.

ముందు మీ చోటు ఎవరిదో తేల్చుకోండి. గ్రామ సచివాలయంలో సర్వే నంబరు చూపించి రెవెన్యూదా, జలవనరుల శాఖదా, అడవిదా అని అడగండి. అటవీ రేంజ్ ఆఫీసులోనూ అదే నంబరు చూపించండి. రెండుచోట్లా ఒకే జవాబు వస్తేనే ముందుకు పోండి.

నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం హద్దులో పడితే పని బరువెక్కుతుంది. అభయారణ్యంలోకి వెళ్ళడానికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షన్ కింద అనుమతి కావాలి. పరిశోధన, ఫొటోలు, పర్యాటకం, లోపల నివసించేవారితో చట్టబద్ధమైన లావాదేవీ వంటి కారణాలకే అది ఇస్తారు. ‘సొంత వాడకానికి’ అని రెండు ముక్కలు రాస్తే చాలదు, మీ పని వీటిలో దేని కిందికి వస్తుందో విడమరచి రాయండి. దరఖాస్తు రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ పేరిట ఉండాలి. ఇచ్చేది మాత్రం రేంజ్ ఆఫీసు ద్వారా, అక్కడినుంచి ఆత్మకూరు పులుల ప్రాజెక్టు డివిజన్‌కు పోతుంది. అభయారణ్యం నడిబొడ్డు, అంటే కోర్ ప్రాంతమైతే ఆశ పెట్టుకోకండి. బయట ఇంకో ఒడ్డు వెతుక్కోవడం మేలు.

కాంక్రీటు దిమ్మె, మెట్లు, జెట్టీ అడగవద్దని నా గట్టి సలహా. అటవీ భూమిలో కట్టడం అంటే ‘పరివేష్’ పోర్టల్‌లో కేంద్ర అనుమతి దాకా పోవాలి. లంగరు, మోకు, తీసేయగల కట్టుకొయ్య అని రాస్తే చూసే అధికారికీ తేలిక. ఒడ్డు తవ్వము, చెట్టుకు మేకు కొట్టము, ఇంజను ఆయిల్ నీళ్ళలో వదలము అని హామీపత్రం జతచేయండి. ఇది లాంఛనం కాదు. మొసళ్ళు ఎండాకాలంలో ఈ ఒడ్లలోనే గుంత తీసి గుడ్లు పెడతాయి. మీ మోకు పక్కనే గూడు ఉండొచ్చు.

పడవ కాగితాలు వేరే. ఇంజనున్న పడవకు 2021 ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్, సర్వే (పడవ తనిఖీ) సర్టిఫికెట్, బీమా ఉండాలి. తెడ్డుతో నడిచే పుట్టికి, నాటు పడవకు స్థానిక సంస్థ దగ్గర పేరు నమోదుకు అదే చట్టం వీలు కల్పించింది. చేపల వేటకు మత్స్యశాఖ లైసెన్సు విడిగా తీసుకోవాలి. కిరాయికి మనుషుల్ని దాటించడం పూర్తిగా వేరే అనుమతి, ఈ దరఖాస్తుతో దాన్ని కలపొద్దు. 2007 జనవరిలో మంచాలకట్ట దగ్గర పడవ మునిగి అరవై మందికి పైగా పోయారు. ఆ రేవుల్లో ఇప్పటికీ ఆ మాట ఎత్తితే పెద్దవాళ్ళు మౌనమైపోతారు. లైఫ్ జాకెట్లు ఎన్ని ఉన్నాయో, ఎందరు ఎక్కుతారో దరఖాస్తులోనే రాయండి.

చోటు జలవనరుల శాఖ పరిధిలో ఉంటే ఆ ఒడ్డును చూసే ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుకు అదే పటంతో ఇంకో దరఖాస్తు ఇవ్వాలి. రెండు ఆఫీసుల్లోనూ ఇన్‌వర్డ్ నంబరు, తేదీ, ముద్ర వేయించుకోండి. కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదిక (పీజీఆర్‌ఎస్)లో ఆ నంబరుతో అర్జీ ఇవ్వండి. సమాచార హక్కు కింద ‘నా ఫైలు ఏ తేదీన ఏ బల్ల మీద ఉంది’ అని అడిగితే 30 రోజుల్లో జవాబివ్వాలి.

అనుమతి చేతికొచ్చాక గడువు తేదీ చూసుకోండి, షరతులన్నీ చదవండి. అసలు కాగితం ఇంట్లో దాచి, జిరాక్సు ప్లాస్టిక్ కవరులో చుట్టి పడవలో పెట్టండి. గార్డు ఒడ్డు మీద నిలబడి అడిగినప్పుడు చూపించవలసింది అదే.