తీర్పు రోజు ఉత్తచేతులతో కోర్టుకు రాకండి

ఇరవై రెండేళ్లుగా నాంపల్లి క్రిమినల్ కోర్టుల్లో ఒక వకీలు సాబ్ దగ్గర గుమస్తాని. తీర్పు రోజు మనోళ్లు దేవుడికి మొక్కి, ఉత్తచేతులతో వస్తారు. కేసు కొట్టేస్తే సరే. రుజువైతే?

అప్పుడు జడ్జిగారు వెంటనే శిక్ష చదవరు. "శిక్ష విషయంలో చెప్పుకునేది ఉందా?" అని అడుగుతారు. "నేను చేయలేదు సార్" అనకండి, ఆ మాట ఇక అప్పీల్లోనే. "పిల్లలున్నారు, దయ చూడండి" అని అందరూ అంటారు. కాగితం చూపించిన మాటకే బరువు.

తప్పుకు తగ్గ శిక్ష పడాలి, చూసి ఇంకొకడు భయపడాలి అనే రెండూ ఏపీపీ, అంటే సర్కారు వకీలు, చెప్తారు. ఈ మనిషి మారతాడన్నది మనమే చూపించాలి. 1977లో మన దగ్గర్నుంచే సుప్రీంకోర్టుకు వెళ్లిన గియాసుద్దీన్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ ఈ మూడోదానికే పెద్దపీట వేశారు. ఆ తీర్పు జిరాక్స్ మా సాబ్ ఫైల్లో ఎప్పుడూ ఉంటుంది.

పనిచేసేచోట రాసిచ్చిన ఉత్తరం, అమ్మానాన్నల దవాఖానా చీటీలు, పోయిన సొమ్ము కట్టేసి ఉంటే ఆ రసీదు తెచ్చుకోండి. అన్నిటికంటే ముందు వయసు కాగితం. జైలుకు బదులు మంచి నడవడికకు బాండు రాయించుకుని వదిలేదే ప్రొబేషన్. 1958 ప్రొబేషన్ చట్టం ప్రకారం ఇరవై ఒకటి నిండనివాళ్లను, యావజ్జీవం పడే నేరం కాకపోతే, కారణం రాయకుండా జైలుకు పంపకూడదు. లెక్క నేరం చేసిన రోజుది కాదు, కోర్టు దోషి అన్న రోజుది. బండి దొంగతనం కేసులో ఒకమ్మ కొడుకు టెన్త్ మెమో మిఠాయి కవర్లో చుట్టి తెచ్చింది. నూనె మరకల మధ్య పుట్టినతేదీ. ఇరవై ఒకటికి ఇంకా నాలుగు నెలలుంది. జడ్జిగారు మెమోను వెలుతురుకు పట్టి చూసి, ప్రొబేషన్ ఆఫీసర్ రిపోర్టు అడిగారు. ఆ ఆఫీసర్ బోరబండలో వాళ్లింటికెళ్లి ఇరుగుపొరుగును కూడా విచారించి రాశారు. పిల్లాడు బాండు మీద ఇంటికెళ్లాడు.

ముందు జైల్లో ఉండొచ్చిన రోజులుంటే ఆ లెక్క వకీలుకు ఇవ్వండి, శిక్షలో తగ్గిస్తారు. జైలుశిక్ష పడితే తీర్పు కాపీ ఉచితంగానే ఇవ్వాలి, అడిగి తీసుకోండి. మేజిస్ట్రేటు తీర్పు మీద అప్పీలుకు ముప్పై రోజుల గడువు.

షూరిటీలను, అంటే జామీను ఉండేవాళ్లను, కూడా వెంటబెట్టుకు రండి. బెయిలు మీదున్న మనిషికి మూడేళ్లలోపు శిక్ష పడితే, అప్పీలుకు వెళ్తామంటే అదే కోర్టు బెయిలివ్వొచ్చు. వాళ్లను మాత్రం చాయ్‌కి దూరం పంపకండి. ఒక ముద్దాయి షూరిటీ అఫ్జల్‌గంజ్ ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే, ఆ ముద్దాయి ఆ రాత్రి చంచల్‌గూడ జైల్లో పడుకున్నాడు.