చెదపుట్టను చూసి ఇంటిని చల్లబరచడం ఎలా?

జింబాబ్వే రాజధాని హరారేలోని ఈస్ట్‌గేట్ సెంటర్ (1996) చెదపుట్ట స్ఫూర్తితో కట్టిన భవనంగా పేరుపడింది. పుట్ట చిమ్నీలా గాలిని లాగి గూడును చల్లబరుస్తుందని అప్పట్లో నమ్మేవారు. తర్వాతి కొలతల్లో తేలింది వేరు. గూటి ఉష్ణోగ్రత చుట్టూ ఉన్న నేలను బట్టి ఉంటుంది, పుట్ట ప్రధానంగా ఊపిరితిత్తుల్లా లోపలి గాలిని మార్చే పని చేస్తుంది. భవనం మాత్రం చల్లగానే ఉంటుంది, అదీ ఫ్యాన్ల సాయంతో. అందుకే పుట్ట ఆకారం జోలికి పోకండి. బరువైన పదార్థం వేడిని పట్టి ఉంచడం, రాత్రి గాలికి దారి ఇవ్వడం, ఈ రెండే తీసుకోండి.

ముందు వేడి నెలల్లో ఓ వారం బయటి ఉష్ణోగ్రత రాసుకోండి. పగటికీ రాత్రికీ 8–10 డిగ్రీల తేడా లేకపోతే ఈ పద్ధతి మానేయండి. రాత్రంతా ఉక్కపోసే చోట ఇది దండగ.

గోడ మందం పెంచితే చల్లదనం పెరుగుతుందనుకోవడం పొరపాటు. ఒక రోజు చక్రంలో కాంక్రీటు లోపలి వైపు సుమారు 10 సెంటీమీటర్లే పనిచేస్తుంది. కావలసింది గాలి తగిలే వైశాల్యం. ఫాల్స్ సీలింగ్ వేస్తే స్లాబ్ మొత్తం వృథా. ఇన్సులేషన్ (వేడిని ఆపే పొర) కప్పు పైవైపునే వేయాలి.

గాలి వచ్చే దారి నీడవైపు, కింద ఉండాలి. పోయే దారి మెట్ల గది పైన ఉండాలి. రెండింటి మధ్య 6 మీటర్ల ఎత్తు, లోపలికీ బయటికీ 4 డిగ్రీల తేడా ఉంటే, ఒక్కొక్కటి చదరపు మీటరు ఖాళీతో గంటకు సుమారు 1,900 ఘనమీటర్ల గాలి కదులుతుంది. 300 ఘనమీటర్ల ఇంట్లో ఇది గంటకు ఆరుసార్లు గాలి మారడంతో సమానం. పై దారి ఒక్కదాన్నే రెట్టింపు చేస్తే గాలి పెరిగేది నాలుగో వంతే, ఇరుకైన దారి అడ్డుపడుతుంది. లెక్కలో గ్రిల్, దోమల మెష్ పోగా మిగిలే ఖాళీనే తీసుకోండి. మెష్‌కు దుమ్ము పడితే అదీ తగ్గిపోతుంది.

పై దారి గాలివాటుకు ఎదురుగా ఉంటే ప్రవాహం తిరగబడి, వేడి గాలి గదుల్లోకి దిగుతుంది. తెరిచి ఉన్న మెట్ల గది అగ్నిప్రమాదంలో పొగకూ దారే. అంతస్తులున్న భవనంలో పొగను ఆపే డ్యాంపర్ల (గాలి దారిని మూసే తలుపుల) విషయం ఫైర్ ఇంజనీరుతో తేల్చుకున్నాకే పని మొదలుపెట్టాలి.

రాత్రి బయట లోపలికన్నా 2–3 డిగ్రీలు చల్లబడ్డాక ఈ దారులు తెరవండి. ఉదయం రెండూ సమానం కాకముందే మూసేయండి. చాలా ఇళ్లలో తప్పేది ఈ మూసే పనే. పొద్దెక్కేదాకా తెరిచి ఉంచితే రాత్రి దాచిన చల్లదనం రెండు మూడు గంటల్లో ఆవిరవుతుంది.