ఫారిన్ టూర్‌కి బయల్దేరుతున్నారా? ముందు మీ ఫైలు మీరే చదవండి

పోయిన నెల మా వీధి చివర ఉండే మాష్టారూ, వాళ్ళావిడా మన సముద్రానికి అవతలి ఒడ్డున ఉన్న ఒక దేశానికి టూర్ వెళ్ళి, ఊరు చూడకుండానే వెనక్కి వచ్చారు. ఎయిర్‌పోర్టు దాటి బయటికి వెళ్ళనివ్వలేదు. ఆయన హైస్కూల్లో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఒకరి దగ్గర పైసా అప్పు లేదు, ఏ కేసూ లేదు. ఆవిడని ఒక్కసారైనా విమానం ఎక్కించాలని పెన్షన్ డబ్బుల్లోంచి రెండేళ్ళు కూడబెట్టి బయల్దేరారు.

జరిగింది ఇంతే. ఏ హోటల్లో దిగుతున్నారని ఇమ్మిగ్రేషన్ ఆఫీసరు అడిగాడు. మాష్టారు ప్లాస్టిక్ ఫోల్డర్ తెరిచి ఏజెంటు ఇచ్చిన ప్రింటు చూపించారు. ఆఫీసరు అందులో ఉన్న నంబరుకి అక్కడికక్కడే ఫోన్ చేశాడు. ఈ పేరుతో మా దగ్గర గది లేదని అవతలి వాళ్ళు చెప్పారు. ఏజెంటు గది బుక్ చేసి, ప్రింటు తీసి, మర్నాడే క్యాన్సిల్ చేసేశాడు. ఆ సంగతి మాష్టారికి చెప్పనే లేదు. ఇద్దర్నీ ఒక గదిలో కూర్చోబెట్టారు. ఆవిడ బీపీ మాత్రలు లగేజీలో వేసిన పెట్టెలో ఉండిపోయాయి. మర్నాడు మధ్యాహ్నం తిరుగు విమానం ఎక్కించేదాకా ఇద్దరూ ఆ కుర్చీల్లోనే ఉన్నారు. ఆవిడ ఇప్పటికీ సాయంత్రం పూట గుడికి రావడం లేదు, నలుగురూ అడుగుతారని.

నేను విశాఖ ద్వారకానగర్‌లో పద్దెనిమిదేళ్ళుగా టికెట్లు, వీసాల పని చేస్తున్నాను. వేసవి సెలవుల టూర్లు మొదలవుతున్నాయి కాబట్టి ఇది రాస్తున్నాను. పాస్‌పోర్టుకి ఆరు నెలల గడువుండాలి, జిరాక్సులు పెట్టుకోవాలి, డాలర్లు మార్చుకోవాలి లాంటివి మీకు తెలిసినవే. వాటి జోలికి వెళ్ళను.

ఏం మారిందంటే

మలేషియా 2023 డిసెంబరు నుంచి, థాయ్‌లాండ్ 2023 నవంబరు నుంచి మన వాళ్ళకి వీసా అక్కర్లేదన్నాయి. 2024 ఏప్రిల్‌లో విశాఖ నుంచే కౌలాలంపూర్‌కీ బ్యాంకాక్‌కీ నేరుగా విమానాలు మొదలయ్యాయి. దాంతో చాలామంది ఇది తిరుపతి వెళ్ళొచ్చినంత సులువు అనుకున్నారు. వీసా అక్కర్లేదు అంటే ప్రశ్నలు ఉండవని కాదు. మునుపు వీసా ఇచ్చే చోట అడిగే ప్రశ్నలే ఇప్పుడు విమానం దిగాక అడుగుతున్నారు. ఇంటి దగ్గర ఉండగా వీసా రాకపోతే ఫీజు పోతుంది, అంతే. అక్కడికి వెళ్ళాక కాదన్నారంటే టికెట్టూ, హోటలూ, సెలవులూ అన్నీ పోతాయి. 2025లో కౌలాలంపూర్ ఎయిర్‌పోర్టులో టూరిస్టులమని వచ్చిన విదేశీయుల్ని పెద్ద సంఖ్యలో వెనక్కి పంపేశారు. హోటల్ బుకింగ్ లేకపోవడం, ఖర్చులకి డబ్బు చూపించలేకపోవడం, ఎందుకొచ్చారో సరిగ్గా చెప్పలేకపోవడం అప్పట్లో చెప్పిన కారణాలు.

సింగపూర్ ఇంకో అడుగు ముందుకేసింది. రానివ్వకూడదు అనుకున్న వాళ్ళని విమానమే ఎక్కించుకోవద్దని ఎయిర్‌లైన్స్‌కి ముందే చెప్పే పద్ధతి 2026 జనవరి 30 నుంచి పెట్టింది. అంటే విశాఖ ఎయిర్‌పోర్టులో, సాగనంపడానికి వచ్చిన చుట్టాల ముందే ఆగిపోవచ్చు. యూరప్‌లో ఒకే వీసాతో తిరిగే షెంజెన్ దేశాలు 2025 అక్టోబరు 12 నుంచి పాస్‌పోర్టు మీద స్టాంపుకి బదులు రాకపోకలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించడం విడతలవారీగా మొదలుపెట్టాయి. అమెరికా 2025 డిసెంబరు 26 నుంచి విదేశీయులందరికీ వచ్చేటప్పుడూ వెళ్ళేటప్పుడూ ఫోటో తీసే రూలు అమల్లోకి తెచ్చింది. ఎక్కడ చూసినా లెక్క మిషన్ చేతిలోకి వెళ్ళింది. బతిమాలితే కరిగేది ఇప్పుడు లేదు.

అన్నిటికంటే పెద్ద తప్పు

ఇన్నేళ్ళలో వెనక్కి వచ్చిన వాళ్ళని చాలామందిని చూశాను. వాళ్ళలో మోసం చేయాలని వెళ్ళిన వాళ్ళు బహు తక్కువ. మిగతా అందరూ చేసిన తప్పు ఒక్కటే. తమ కాగితాల్లో ఏముందో తాము చదవలేదు. ఏజెంటు నింపాడు, వీళ్ళు సంతకం పెట్టారు. లేదా హైదరాబాదులో ఉన్న అబ్బాయి ఆన్‌లైన్లో నింపాడు, వీళ్ళు సరే అన్నారు.

ఒకావిడ గురించి చెబుతాను. గాజువాక ఆవిడ, అమెరికాలో ఉన్న కూతురి పురిటికి వెళ్ళింది. ఫారం నింపినవాడు ఎక్కువ రోజులు రాస్తే వీసా ఇవ్వరేమోనని రెండు వారాలని రాసి, రావడానికి కారణం టూరిజం అని పెట్టాడు. ఆవిడ టికెట్టేమో ఐదున్నర నెలలకి. దిగాక ఎన్నాళ్ళుంటారని అడిగితే, "ఆరు నెలలు బాబూ, పాపకి నీళ్ళు పోయాలి కదా" అని ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆవిడ అబద్ధం ఆడలేదు. ఆవిడ కాగితం ఆడింది. మూడు గంటలు వేరే గదిలో కూర్చోబెట్టి, కూతురికి ఫోన్ చేసి అడిగి, అదృష్టం కొద్దీ వదిలారు. అందరికీ ఆ అదృష్టం ఉండదు.

అందుకని మీ కాగితాలు మీరే చదవండి. ఇంగ్లీషు రాకపోతే ఇంట్లో చదివే పిల్లల చేత వరుసగా చదివించుకుని తెలుగులో అర్థం చెప్పించుకోండి. వీసా ప్రింటు ఒక్కటీ చూస్తే సరిపోదు, ఆన్‌లైన్లో పంపిన ఫారం మొత్తం కాపీ ఏజెంటు దగ్గర అడిగి తీసుకోండి. ఇవ్వడానికి నసిగాడంటే అతనితో పని పెట్టుకోవద్దు.

చదివేటప్పుడు ముఖ్యంగా చూడాల్సినవి: వృత్తి ఏమని రాశారు, ఆదాయం ఎంత రాశారు, ఎన్ని రోజులు, ఎక్కడ బస, ఫోన్ నంబరూ మెయిల్ ఐడీ మీవా ఏజెంటువా. ఏజెంటు మెయిల్ పెడితే ఎంబసీ వాళ్ళు పంపే ప్రశ్న మీకు చేరదు. రిటైరైన మనిషికి బిజినెస్ అని, ఇంట్లో ఉండే ఇల్లాలికి టైలరింగ్ షాపు అని రాసిన ఫారాలు నా చేతుల్లోకి వచ్చాయి. బరువుగా కనిపిస్తుందని అలా రాస్తారట. కౌంటర్లో ఆవిణ్ణి మీ షాపు ఎక్కడమ్మా అని అడిగితే ఏం చెబుతుంది?

ఇంకొక ప్రశ్న ఉంటుంది. ఇంతకు ముందు ఏ దేశమైనా వీసా నిరాకరించిందా, వెనక్కి పంపిందా అని. ఏజెంట్లు కళ్ళు మూసుకుని లేదు అని టిక్కు పెట్టేస్తారు. ఉన్నదాన్ని లేదని రాయడం తప్పుడు సమాచారం కిందికి వస్తుంది. దానికి కెనడా 5 ఏళ్ళు రావద్దంటుంది. బ్రిటన్ 10 ఏళ్ళ దాకా వీసా ఆపేస్తుంది. అమెరికా అయితే ఆ ముద్ర జీవితాంతం ఉంటుంది. నేను నింపలేదండీ, ఏజెంటు నింపాడు అంటే ఎవరూ వినరు. కింద నిజమేనని ఒప్పుకున్న పేరు మీది. ఒకసారి వీసా రాకపోవడం తప్పేమీ కాదు, అది దాచడమే తప్పు.

హోటల్ సంగతి

డమ్మీ బుకింగ్ అనే మాట మా లైన్లో మామూలైపోయింది. వీసాకి చూపించడానికి గది బుక్ చేసి తర్వాత తీసేయడం. డమ్మీ టికెట్టు కూడా అంతే. ఖర్చు తగ్గుతుందని చెప్తారు. మాష్టారికి మిగిలిందేమిటో పైన రాశాను. బయల్దేరే మూడు రోజుల ముందు హోటల్‌కి మీరే ఫోన్ చేయండి, లేదా మెయిల్ పెట్టండి. మీ పేరు, తేదీ చెప్పి గది ఉందని వాళ్ళ నోటితో అనిపించుకోండి. చుట్టాలింట్లో దిగుతుంటే హోటల్ కాగితం పెట్టనే వద్దు. వాళ్ళ పూర్తి అడ్రసు, ఫోన్, వాళ్ళు రాసిచ్చిన ఉత్తరం పెట్టుకోండి. భార్యాభర్తలిద్దరికీ హోటల్ పేరు, ఎన్ని రాత్రులు, తిరుగు ప్రయాణం తేదీ నోటికి రావాలి. ఇద్దర్నీ విడివిడిగా అడుగుతారు.

పేర్ల సంగతి

మన ఇంటిపేర్లతో వచ్చే చిక్కు ఇంకెవరికీ ఉండదు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, పేరంతా ఒకే గడిలో ఒక్క మాటగా ఉన్న వాళ్ళు మన వైపు చాలామంది ఉన్నారు. అలా ఒకే పేరున్న పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద వచ్చే వాళ్ళని రానివ్వబోమని యూఏఈ 2022 నవంబరులో రూలు పెట్టింది. దుబాయ్ టికెట్ కొనేముందే పాస్‌పోర్టు సరిచేయించుకోండి. టికెట్ మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లు పోకుండా ఉండాలి. ఇంటిపేరుకి ఒక అక్షరం పెట్టి వదిలేస్తే కుదరదు.

కుర్రాళ్ళకి

2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కాంబోడియా కేసు గుర్తుంది కదా. డేటా ఎంట్రీ ఉద్యోగమని మన పిల్లల్ని తీసుకెళ్ళి అక్కడ బంధించి సైబర్ మోసాలు చేయించారు. అప్పట్నుంచి ఒంటరిగా బ్యాంకాక్ వైపు టూరిస్టుగా వెళ్ళే కుర్రాళ్ళని మన ఇమ్మిగ్రేషన్ వాళ్ళే గట్టిగా అడుగుతున్నారు. అది మీ మంచికే. టూరిస్టుగా వెళ్ళు, దిగాక వర్క్ పర్మిట్ చేయిస్తాం అని ఎవరన్నా అంటే ఆ మనిషి మిమ్మల్ని అమ్మేస్తున్నాడని అర్థం చేసుకోండి. ఉద్యోగం పేరుతో ఇరాన్‌కి తీసుకెళ్ళి కిడ్నాపులు చేస్తున్నారని తేలాక, 2025 నవంబరు 22 నుంచి మన వాళ్ళకి వీసా లేకుండా రానిచ్చే సౌకర్యాన్ని ఆ దేశం ఆపేసింది. పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని (కొన్ని దేశాలకి ఉద్యోగానికి వెళ్ళేముందు మన ప్రభుత్వ అనుమతి తీసుకోవాలని దాని అర్థం) ఉన్న వాళ్ళు టూరిస్టుగా వెళ్తే తిరుగు టికెట్ లేకుండా ఇల్లు కదలొద్దు. ఉద్యోగానికైతే వాళ్ళకి ఆ అనుమతి, అంటే క్లియరెన్స్, తప్పనిసరి అయిన 18 దేశాల్లో మలేషియా, థాయ్‌లాండ్, యూఏఈ మూడూ ఉన్నాయి.

ఇక వరుసగా చెబుతాను, రాసుకోండి.

సింగపూర్, మలేషియా, థాయ్‌లాండ్ మూడింటికీ, ఎప్పుడు వస్తున్నారో ఎక్కడ దిగుతున్నారో రాసే ఆన్‌లైన్ అరైవల్ కార్డు నింపాలి. చేరే ముందు మూడు రోజుల్లోపు. మూడూ ఉచితం. డబ్బులడిగే సైటు ఆ ప్రభుత్వానిది కాదు.

ఆ కార్డు మీరే నింపండి. అందులో రాసిన హోటలూ, ఫైల్లో ఉన్న హోటలూ ఒకటే కావాలి.

థాయ్‌లాండ్ 2024 జులైలో 60 రోజులు ఉండనిచ్చింది. ఆ రోజులు మారుతుంటాయి. టికెట్ కొనే రోజున ఎంబసీ సైటులో చూడండి, ఏడాది పాత వీడియో చూసి వెళ్ళకండి.

యూరప్‌లోని షెంజెన్ దేశాల్లో 180 రోజుల్లో 90 రోజులే. దిగిన రోజూ ఎక్కిన రోజూ రెండూ లెక్కే. జనవరి నుంచి కొత్త లెక్క మొదలవదు, ఏ రోజు నిలబడితే ఆ రోజు నుంచి 180 రోజులు వెనక్కి లెక్కేస్తారు. వేళ్ళ మీద లెక్కపెట్టొద్దు, కాగితం మీద రాయండి.

అమెరికాలో మీరు ఎన్నాళ్ళు ఉండొచ్చో చెప్పేది వీసా గడువు కాదు, దిగినప్పుడు మీ పేరున నమోదయ్యే ఐ-94 అనే రికార్డులో ఉన్న తేదీ. దిగిన వారంలోపు ఆన్‌లైన్లో తీసి చూసుకోండి. పదేళ్ళ వీసా ఉందని ఏడు నెలలు ఉండిపోయిన వాళ్ళు మళ్ళీ వెళ్ళలేకపోయారు.

గసగసాలు పెట్టెలో పెట్టొద్దు. మసాలా పొడిలో కలిపినవి కూడా వద్దు. సింగపూర్‌లో, యూఏఈలో అవి మత్తు పదార్థాల లెక్కలోకి వస్తాయి.

ఖైనీ, గుట్కా, ఈ-సిగరెట్ సింగపూర్‌కి వద్దు.

ట్రమడాల్ ఉన్న నొప్పి మాత్రలు, కోడీన్ ఉన్న దగ్గుమందు ముందస్తు అనుమతి లేకుండా దుబాయ్‌కి తీసుకెళ్ళొద్దు.

బీపీ, షుగరు మాత్రలు చేతి సంచిలోనే. డాక్టరు చీటీతో సహా.

ఎవరి పార్సిలూ తీసుకెళ్ళొద్దు. పక్కింటి వాళ్ళ ఆవకాయ అయినా సరే.

అడిగినదానికే జవాబు. అడగనిది చెప్పొద్దు. తెలియకపోతే తెలియదనండి, ఊహించి చెప్పొద్దు.

ఇంగ్లీషు రాకపోతే తెలుగు అని చెప్పండి. మాట్లాడేవాళ్ళని పిలవమని అడగండి. అర్థం కాకుండా తలూపొద్దు. అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టొద్దు.

ఫోన్లో పాత మెసేజీలు తుడిచేసి వెళ్ళమని ఎవరో చెప్తారు. తుడిచిన ఫోన్ చూస్తే ఇంకా అనుమానం వస్తుంది.

ఆపేస్తే అరవొద్దు. డబ్బులు ఇవ్వజూపొద్దు. మన ఎంబసీకి ఫోన్ చేయనివ్వమని అడగండి, ఆ నంబరు కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకోండి.

వెనక్కి పంపితే కారణం రాసిన కాగితం అడిగి తెచ్చుకోండి. తర్వాత నింపే ప్రతి ఫారంలో అది చెప్పాల్సిందే. దాచొద్దు.

ఏజెంటుకి డబ్బు చేతికివ్వొద్దు, బ్యాంకులో వేయండి. రసీదు తీసుకోండి.

మళ్ళీ చెబుతున్నాను, మీ ఫారం మీరే చదవండి. ఏజెంటు బాబాయి వరసైనా, తమ్ముడి స్నేహితుడైనా చదవండి. నా దగ్గర చేయించుకున్నా చదవండి.

ఇప్పటికే టికెట్లు కొనేసి ఉంటే ఈ రాత్రికే ఆ ఫోల్డర్ బయటికి తీయండి. హోటల్ ప్రింటు పైనున్న నంబరుకి ఫోన్ చేసి, మీ పేరు చెప్పి, గది ఉందా అని అడగండి. లేదంటే వెంటనే నిజమైన గది ఒకటి బుక్ చేసుకోండి, అరైవల్ కార్డులో కూడా ఆ పేరే రాయండి.