పిల్లలకు తోటివారి పరిచయం - 4వ పాఠం: పదమూడు చింతపిక్కలు

కిందటి పాఠంలో ఒడియా వారి పఖాళను, మన చద్దన్నాన్ని పక్కపక్కన పెట్టి పిల్లల చేత రుచి చూపించాం. ఈసారి లెక్కపెట్టడం. ఐదు నుంచి ఏడేళ్ల పిల్లలకు సరిపోతుంది.

పర్లాకిమిడిలో మన పిల్లలు తెలుగుతో పాటు ఒడియా కూడా వింటూ పెరుగుతారు. కొండల నుంచి సంతకు వచ్చే సవరల మాట మాత్రం చెవిన పడినా పట్టించుకోరు. ఇదే ఊళ్లో ఉపాధ్యాయుడిగా ఉన్న గిడుగు రామమూర్తి సవర భాష నేర్చుకుని, ఆ పిల్లలకు వాళ్ల భాషలోనే వాచకాలు రాశారు. అలాంటి ఊళ్లో ఈ పాఠం లేకపోతే ఎలా?

13 చింతపిక్కలు నేల మీద పోయండి. తెలుగు పిల్లలు పదింటిని ఒక కుప్పగా పెట్టి, పక్కన మూడు ఉంచాలి. ఒడియా పిల్లలవీ అవే కుప్పలు. అంకెల పేర్లే వేరు. సవర లెక్కలో మలుపు పది దగ్గర కాదు, పన్నెండు దగ్గర వస్తుంది. పదమూడంటే పన్నెండు మీద ఒకటి. కాబట్టి కుప్పలో పన్నెండు, పక్కన ఒక్కటే పిక్క.

ఇక్కడ ఎవరో ఒకరు "అది తప్పు లెక్క" అని తీరుతారు. కసురుకోవద్దు. ఈ పాఠానికి ఆయువుపట్టు ఆ మాటే. "పిక్కలేమైనా తగ్గాయా? నువ్వే చూడు" అనండి. బిడ్డ ఒక్కో పిక్కనూ వేలితో జరుపుతూ మళ్లీ లెక్కపెడుతుంది. పదమూడే వస్తాయి. తొందరపెట్టకండి, రెండోసారి లెక్కపెడతానన్నా పెట్టనివ్వండి. ఆ తరువాత, బజారులో అరటిపళ్లు మనమెలా కొంటామో అడగండి. డజను! పన్నెండు కుప్ప మన ఇంట్లోనూ ఉందని వాళ్లే కనిపెడతారు.

తరగతిలో సవర బిడ్డ ఉంటే లేపి నిలబెట్టి "నువ్వు చెప్పు" అనకండి. తనంతట తాను చెబితే సంతోషం. అంకెలు పలకడం ముందుగా సవర పెద్దల దగ్గర మీరే నేర్చుకోండి. "పాపం, వాళ్లకు అలాగే వచ్చు" అనే జాలి మాట మాత్రం వద్దే వద్దు. వెక్కిరింత కన్నా అదే లోతుగా గుచ్చుకుంటుంది.

వచ్చే పాఠానికి ప్రతి బిడ్డా ఇంట్లో పాడే జోలపాట ఒకటి నేర్చుకుని రావాలి.