మంచె ఊగుతోందా? ముందు వాషర్ తిప్పి చూడండి

మొక్కజొన్న చేలో పందుల కాపలాకి వేసిన మంచె నెలా రెండు నెలలు గట్టిగానే ఉంటుంది. పంట కంకికొచ్చేసరికి, ఎక్కితే చాలు పక్కకి ఊగుతుంది. వెంటనే ఇంకో నాలుగు కర్రలు తెచ్చి కట్టేస్తారు. దయచేసి ఆగండి. ప్రతి గుంజ దగ్గరా నట్టు కింది వాషర్‌ని వేలితో తిప్పి చూడండి. తిరిగిందా, జబ్బు అక్కడే ఉంది.

జామాయిల్, సరుగుడు గుంజలు తరచూ కొట్టిన వారంలోపే, పచ్చిగానే మంచెకి వాడేస్తారు. కర్ర ఎండితే పొడవు తగ్గదు, లావు తగ్గుతుంది. నాలుగంగుళాల గుంజ నాలుగైదు మిల్లీమీటర్లు సన్నబడుతుంది, దానికి బిగించిన దూలం ఇంకో రెండు మూడు. మొత్తం 6 నుంచి 8 మి.మీ. సందు. 12 ఎం.ఎం. బోల్టు మీద నట్టు ఒక చుట్టుకి జరిగేది 1.75 మి.మీ. అంటే మూడున్నర నుంచి నాలుగున్నర చుట్లు బిగించాలి.

మోసం జరిగేది ఇక్కడే. సగం వరకే మరలున్న బోల్టయితే నట్టు రెండు చుట్లకే మరల చివర ఆగిపోతుంది. పానాకి గట్టిగా తగులుతుంది కాబట్టి బిగిసిందనుకుని దిగిపోతారు. లోపల కర్ర మాత్రం వదులుగానే ఉంటుంది. వాషర్ తిప్పి చూడమనేది అందుకే, పానాని నమ్మకండి.

చేయాల్సింది: మంచె మీద ఎవరూ లేనప్పుడు, దూలానికి కింద ఊతకర్ర పెట్టి, ఒక్కో అతుకే విప్పండి. కర్రకి ఆనేలా రెండంగుళాల వెడల్పు వాషర్ ఒకటి, దానిపైన మామూలువి రెండు మూడు వేసి మళ్లీ బిగించండి. స్ప్రింగు వాషర్ ఇంత సందుని పూడ్చలేదు. కొత్తగా కట్టేవాళ్లు పూర్తిగా మరలున్న బోల్టులే కొనండి. 15 రోజులకి, నెలకి, మూడు నెలలకి మళ్లీ బిగించండి. బైండింగ్ వైరుతో కట్టినదైతే పాత వైరుని మెలితిప్పకండి, తెగుతుంది. కట్టు కిందికి ఎండు వెదురు చీలిక దిగ్గొట్టండి, లేదా కొత్త వైరు వేయండి.

అతుకులన్నీ గట్టిగా ఉన్నా ఊగితే ఏటవాలు కర్రలు చూడండి. ఇంటూ గుర్తులా కనీసం పక్కపక్కనున్న రెండు వైపులా ఉండాలి, ఒకే వైపు వేస్తే రెండో వైపుకి ఊగుతుంది.

గుంజ మొదట్లో జానెడు మట్టి తీసి స్క్రూడ్రైవర్ గుచ్చండి. అంగుళం దిగితే చెదో కుళ్లో పట్టినట్టే. పక్కన కర్ర కట్టి సరిపెట్టొద్దు, గుంజ మార్చండి. కొత్తదాని బెరడు పూర్తిగా ఒలిచి, ఎనిమిదడుగుల ఎత్తు మంచెకైతే మూడడుగులు పాతండి.

నిచ్చెన మెట్లు కదిలితే మేకులు తీసేసి బోల్టులు వేయండి. పచ్చికర్రలో కొట్టిన మేకు కర్ర ఎండాక పట్టు వదిలేస్తుంది. ఒక్క కాలే కుంగితే పక్కన నీళ్ల కాలవ ఉందేమో చూసి, గుంజ కింద బండరాయి వేయండి. గాలి వల్ల, నేల వదులు వల్ల ఊగేవి అరుదు. మిగతావన్నీ చూశాకే వాటి జోలికి వెళ్లండి.