సముద్రతీర పల్లెలో ఇల్లు కొనడం ఎలా?

నగరాల సందడికి దూరంగా, సరుగుడు తోటలు దాటగానే సముద్రం కనిపించే పల్లెలో ఒక చిన్న ఇల్లు ఉండాలన్న కోరిక ఉద్యోగ విరమణకు దగ్గరపడినవారిలోనూ, విదేశాల్లో స్థిరపడిన తెలుగువారిలోనూ తరచుగా కనిపిస్తుంది. పట్నంలో ఫ్లాటు కొనేటప్పుడు ముందు ఇల్లు చూసి, నచ్చితే కాగితాలు అడుగుతాం. ఆంధ్ర తీరంలో ఈ వరుసను తిరగవేయడం మంచిది. ముందు ఒడ్డును, తరువాత నేల హక్కులను, ఆపైన నీటిని చూసి, ఇంటి గోడల దగ్గరకు ఆఖరున రావాలి. గోడలు పాడైతే బాగు చేయించుకోవచ్చు గానీ, కోసుకుపోతున్న ఒడ్డునూ ఉప్పెక్కిన బావినీ బాగు చేయడం కొన్నవారి చేతిలో ఉండదు.

1. ఒడ్డు ఎటు జరుగుతోందో తెలుసుకోండి

కాకినాడ దగ్గరి ఉప్పాడలో ఏళ్ల తరబడి సముద్రం ఊరిలోకి చొచ్చుకు వస్తూ ఇళ్లనూ తీరం వెంట రోడ్డునూ దెబ్బతీస్తూనే ఉంది. నదీముఖాల దగ్గర కొన్నిచోట్ల దీనికి భిన్నంగా ఇసుక మేట వేసి ఒడ్డు ముందుకు జరుగుతుంది. కాబట్టి మీరు చూస్తున్న ఊరి సంగతి విడిగా తెలుసుకోవాలి. గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల ఉపగ్రహ చిత్రాలను వరుసగా చూస్తే ఒడ్డు కదలిక చాలావరకు తెలిసిపోతుంది. ఆ తరువాత ఊరి పెద్దలను, ముఖ్యంగా వేటకు వెళ్లి వచ్చిన వృద్ధులను, ఒకప్పుడు పడవలు ఎక్కడ నిలిపేవారో, ఏ కొబ్బరి వరుస సముద్రంలో కలిసిపోయిందో అడగండి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన వేలమందిని పొట్టన పెట్టుకుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర, 2023 డిసెంబరులో మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటాయి. ఈ తుపానుల్లో నీరు ఎంతవరకు వచ్చిందో, తుపాను షెల్టరు ఎంత దూరంలో ఉందో, అక్కడికి వెళ్లే దారి వానలో మునుగుతుందో లేదో ఆ ఊరివారు వేలు పెట్టి చూపించగలరు. సముద్రం బాగా కనబడాలని ముందున్న ఇసుక దిబ్బను చదును చేసిన స్థలాన్ని అమ్మకందారు గొప్పగా చూపితే, దానిని లోపంగానే లెక్కించండి, ఎందుకంటే ఉప్పెన వేగాన్ని మొదట అడ్డుకునేది ఆ దిబ్బే.

2. సీఆర్‌జెడ్ హద్దు ఎక్కడ పడుతుందో చూడండి

తీరప్రాంత నియంత్రణ మండలాన్ని అందరూ సీఆర్‌జెడ్ అనే పిలుస్తారు. 2011 నోటిఫికేషన్ ప్రకారం గ్రామీణ తీరంలో పోటు గీత (పోటు వేళ సముద్రపు నీరు చేరే హద్దు) నుంచి 200 మీటర్ల వరకు కొత్త నిర్మాణాలు నిషిద్ధం. అక్కడ ముందే అనుమతితో ఉన్న ఇంటిని పాత కొలతలు మించకుండా మరమ్మతు చేసుకోవచ్చు. 2019 నోటిఫికేషన్ చదరపు కిలోమీటరుకు 2,161 మందికి మించి జనసాంద్రత ఉన్న గ్రామాలకు ఈ దూరాన్ని 50 మీటర్లకు తగ్గించి, మిగతా గ్రామాలకు 200 మీటర్లే ఉంచింది. అయితే రాష్ట్రం తయారుచేసే తీర నిర్వహణ ప్రణాళికకు ఆమోదం లభించిన తరువాతే ఈ 2019 నోటిఫికేషన్ వర్తిస్తుంది. అందువల్ల మీ సర్వే నంబరుకు ఏ ప్రణాళిక పటం వర్తిస్తుందో, అందులో ఆ స్థలం ఏ వర్గంలో ఉందో తీర నిర్వహణ సంస్థ నుంచి రాతపూర్వకంగా తెలుసుకోవాలి. ఉప్పుటేరులు, ఆటుపోట్లు వచ్చే కాలువల పక్కన కూడా ఇలాంటి హద్దులు ఉంటాయన్న సంగతి చాలామందికి తట్టదు. పంచాయతీ ఇచ్చిన ప్లాను అనుమతి ఒక్కటే ఇక్కడ చాలదు.

3. అది ఎలాంటి భూమో తేల్చుకోండి

తీర గ్రామాల్లో ఎక్కువ చిక్కులు ఇక్కడే వస్తాయి. పాత ఇళ్లలో చాలావరకు గ్రామకంఠంలో, అంటే ఊరి నివాస స్థలంలో, ఉంటాయి. వాటికి రిజిస్టరు దస్తావేజు ఉండకపోవచ్చు, తరతరాల అనుభవం, ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లులే ఆధారాలు. 2020లో మొదలైన స్వామిత్వ పథకం కింద ఇలాంటి ఇళ్లకు ప్రాపర్టీ కార్డులు ఇస్తున్నారు కాబట్టి, అమ్మకందారు దగ్గర అది ఉందేమో ముందే అడగండి. కార్డూ దస్తావేజూ రెండూ లేని ఇంటికి బ్యాంకులు అప్పు ఇవ్వడానికి వెనకాడతాయి. పేదలకు ప్రభుత్వం ఇచ్చిన డి.పట్టా భూముల అమ్మకాన్ని 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం నిషేధించింది. 2023లో సవరణ వచ్చినా, న్యాయవాది చూడనిదే అలాంటి భూమికి బయానా ఇవ్వకండి. రిజిస్ట్రేషన్ చట్టంలోని 22ఎ కింద రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబరు ఉందేమో సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో చూడాలి. కనీసం 30 ఏళ్ల ఈసీ (ఆస్తిపై లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం), పాత యజమానుల లింకు దస్తావేజులు, ప్రభుత్వ భూ రికార్డుల వెబ్‌సైటు మీభూమిలోని 1బి, అడంగల్ నకళ్లు తీసుకుని, సర్వేయరు చేత హద్దులు కొలిపించండి. వారసులంతా సంతకం చేయడం కూడా ముఖ్యం. ఒక్క అన్నదమ్ముడో ఆడపడుచో బయట ఉండిపోతే వ్యవహారం కోర్టుకు వెళ్లవచ్చు. ప్రవాస భారతీయులు ఇల్లు కొనవచ్చు గానీ, వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ కొనడానికి విదేశీ మారక చట్టమైన ఫెమా నిబంధనలు అనుమతించవు.

4. బావి నీటిని మే నెలలో రుచి చూడండి

ఇసుక నేలలో వాన నీరు దిగి, అడుగున ఉన్న ఉప్పు నీటి మీద తేలికైన పొరలా నిలుస్తుంది. పెద్ద మోటారుతో లోతైన బోరు నుంచి తోడితే అడుగున ఉన్న ఉప్పు పైకి లేస్తుంది. అందువల్ల ఇలాంటి చోట లోతు తక్కువ బావే మేలు, చిన్న మోటారే క్షేమం. వానాకాలంలో తియ్యగా ఉన్న నీరు ఎండలకు మారిపోవచ్చు కాబట్టి వేసవిలో ఒకసారి వెళ్లి, పక్కింటి ఆవిడను పప్పు ఉడుకుతుందా, సబ్బు నురగ వస్తుందా అని అడగండి. ఆ తరువాత నీటిని ప్రయోగశాలకు పంపించండి. భారతీయ ప్రమాణాల ప్రకారం కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే తాగడానికి మంచిది, వేరే నీరు లేనిచోట 2,000 వరకు సరిపెట్టుకోవచ్చు. దగ్గరలో రొయ్యల చెరువులుంటే ఈ పరీక్షను తప్పనిసరిగా చేయించాలి.

5. ఇంటిని అడుగు నుంచి పైకి చూడండి

ఉప్పు గాలి ముందుగా ఇనుమును తింటుంది. సన్‌షేడ్ల అడుగున, శ్లాబు కింద కడ్డీల వరసలోనే తుప్పు రంగు గీతలున్నాయేమో, పెచ్చులు ఊడాయేమో చూడండి. పుల్లతోనో సుత్తి పిడితోనో కొడితే బోలుగా మోగిన చోట లోపల కడ్డీ ఉబ్బి సిమెంటు విడిపోయిందని అర్థం. తీరంలో కడ్డీల మీద 45 మిల్లీమీటర్ల కాంక్రీటు పొర ఉండాలని కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది, కానీ పల్లె మేస్త్రీలు అంత వదలడం అరుదు. అమ్మకానికి ముందు కొట్టించిన కొత్త రంగును నమ్మకుండా, ఒక సివిల్ ఇంజినీరును వెంట తీసుకువెళ్లండి.

6. ఊరి మాట వినండి

తీరం ఊరందరిదీ. పడవలు లాగే దారి, వలలు ఆరబెట్టే చోటు, ఎండు చేపల వాసన అక్కడి బతుకులో భాగాలు. కొన్న మరునాడే కంచె వేసి ఆ దారిని మూసేసిన కొత్తవారిని ఏ ఊరూ క్షమించదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధ కాలంలో ఒకసారి, వేట సాగే రోజుల్లో మరోసారి ఆ ఊరిలో రాత్రి నిద్ర చేస్తే అక్కడి నిశ్శబ్దం ఏ పాటిదో తెలుస్తుంది.

7. చెల్లింపులు, ఆ తరువాతి పనులు

స్టాంపు, బదిలీ సుంకాలు, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి ఆంధ్రప్రదేశ్‌లో 7.5 శాతం దాకా అవుతుంది. ధర 50 లక్షలు లేదా అంతకు మించితే అమ్మకందారుకు ఇచ్చే సొమ్ములోంచి 1 శాతం టీడీఎస్ (ముందుగా మినహాయించే ఆదాయపు పన్ను) పట్టుకుని కట్టాలి, అమ్మకందారు ప్రవాసి అయితే నియమమూ రేటూ వేరు. రిజిస్ట్రేషన్ అయిన వెంటనే పంచాయతీ ఇంటి పన్నును, కరెంటు మీటరును మీ పేరిట మార్పించుకోండి. ఇంటి బీమాగా 2021 నుంచి అమల్లో ఉన్న భారత్ గృహ రక్షలో తుపాను, వరద నష్టాలు కలిసే ఉంటాయి. అక్టోబరు రాకముందే ఆ పాలసీ చేతికి వచ్చేలా చూసుకోండి.