సోవియట్ ఫిరంగి ఫొటోలో ముందు మూతి చూడండి

రెండో ప్రపంచ యుద్ధం నాటి ఫొటోలో సోవియట్ ఫిరంగి కనిపిస్తే చాలామంది చక్రాలు, ముందున్న రేకు డాలు చూసి పేరు చెప్పేస్తారు. తికమక అక్కడే మొదలవుతుంది. ఒకే బండి మీద రెండు రకాల గొట్టాలు ఎక్కించడం సోవియట్ వాళ్లకు మామూలే. అందుకే ముందు గొట్టం మూతి చూడండి.

ఎంఎల్-20, ఏ-19 అనే పెద్ద ఫిరంగులు రెండింటికీ కింది భాగం ఒకటే. మూతికి లావుపాటి తొడుగు, దాని పక్కల వరసగా సన్నటి చీలికలు ఉంటే అది 152 మి.మీ. ఎంఎల్-20. తొడుగేమీ లేకుండా గొట్టం సన్నగా, పొడుగ్గా సాగిపోతే 122 మి.మీ. ఏ-19. ఫొటో ఎంత మసగ్గా ఉన్నా ఈ తేడా ఇట్టే తెలిసిపోతుంది. అలాగే 1938 నాటి ఎం-30 హోవిట్జర్‌ది (గుండును ఎత్తుగా విసిరే పొట్టి గొట్టం ఫిరంగి) బోడి మూతి. అదే బండి మీద పెద్ద మజిల్ బ్రేక్ (పేల్చినప్పుడు వెనక్కి తన్నే దెబ్బను తగ్గించే మూతి తొడుగు) కనిపిస్తే 1943 నాటి డి-1. చిన్నవాటిలో జిస్-3కి బ్రేక్ ఉంటుంది, జిస్-2కి ఉండదు.

ఒక మెలిక ఉంది. ఎఫ్-22 అనే సోవియట్ ఫిరంగికి అసలు మజిల్ బ్రేక్ లేదు. బ్రేక్ ఉన్నది కనిపిస్తే, జర్మన్లు పట్టుకుని శత్రు ట్యాంకులను కొట్టేందుకు మార్చుకున్న పాక్ 36 ఆర్ ఫిరంగి అన్నమాట. అప్పుడు పక్కనున్న సైనికుల యూనిఫాం కూడా చూడండి, ఫొటో కింద రాసింది నమ్మేయకండి.

మూతికి గుడ్డ కప్పేసి ఉంటేనే చక్రాల దగ్గరికి వెళ్లండి. చెక్క ఆకుల చక్రాలు, వెనక ఒకటే కాలు ఉంటే రష్యా జార్ చక్రవర్తుల కాలపు డిజైన్ అయ్యే అవకాశం ఎక్కువ.